ఒకే బాణీ, మూడు భాషలు

వాగ్గేయకారుల జీవితాలు, గాయకుల బిరుదులు, సంగీత దర్శకులు పనిచేసిన చిత్రాల జాబితాలు గ్రంథాలకెక్కినంతగా, పాట విన్నవాడు పక్కవాడితో ఏమన్నాడు, దేన్ని దేనితో పోల్చాడు, ఒకదాన్ని మెచ్చి మరొకదాన్ని ఎందుకు పక్కనపెట్టాడు అన్న సంగతులు గ్రంథాలకెక్కలేదు. అభిరుచి అనేది పాడేవారి వల్ల మాత్రమే ఏర్పడదు; వినేవారు తమలో తాము వాదించుకొని, ఒప్పించుకొని, ఒప్పుకోక నిలబెట్టుకొనే తీర్పుల వల్ల కూడా ఏర్పడుతుంది. అటువంటి తీర్పుల తీరును పరిశీలించడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం అనువైనది. ఇక్కడి శ్రోత రాగజ్ఞానంలో మిగతా తెలుగువారికంటే మిన్న కావడం దీనికి కారణం కాదు. ఒకే బాణీని, అంటే ఒకే స్వరరచనను, తెలుగులోనూ తమిళంలోనూ తరచు కన్నడంలోనూ వినే అవకాశం అతనికి ఊరు దాటకుండానే దొరికింది. అందువల్ల అతని అభిప్రాయానికి అభిమానం కంటే పోలిక ముఖ్యమైన ఆధారమైంది.

ఈ పోలికకు పునాది భూగోళంలోనూ పాలనా చరిత్రలోనూ ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు, వాటితోపాటు పుంగనూరు వంటి జమీందారీలు ఒక్కచోటికి చేరాయి. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లిన తరువాత కూడా భాషల కలయిక చెదరలేదు. కుప్పం ఒకవైపు కోలారు జిల్లాకూ మరొకవైపు కృష్ణగిరి ప్రాంతానికీ ఆనుకొని, బెంగుళూరు నుంచి జోలార్‌పేటకు పోయే రైలుమార్గం మీద ఉంది. ద్రావిడ భాషలన్నింటినీ ఒకచోట అధ్యయనం చేయడానికి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ పట్టణంలో స్థాపించడంలో ఔచిత్యం ఉంది గానీ, ఆ పనిని బజారులోనూ పెళ్లిపందిట్లోనూ అక్కడి జనం అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలుపెట్టారు.

యంత్రం మీద పాట రాకముందు అభిప్రాయం చెప్పే పద్ధతి సూటిగా ఉండేది. చిత్తూరు సీమలోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద 18 రోజులు సాగే మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. చివరనాడు నేలమీద మట్టితో మలచిన దుర్యోధనుడి బొమ్మ వద్ద వధ ఘట్టం జరుగుతుంది. ప్రతి ఏడూ అదే కథ కావడం వల్ల తరువాత ఏమి జరుగుతుందన్న కుతూహలానికి అక్కడ తావు లేదు. ఈ ఏటి భాగవతారు గొంతు నిలిచిందా, నిరుటి అర్జునుడి పద్యం మెరుగా, ఈ ఏటిది మెరుగా అన్నదే చర్చ. పద్యనాటకాలలో అయితే నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’ అని కేకవేసి, నటుడి చేత మళ్లీ పాడించేవారు. ఆ కేక ఒక విమర్శ, ఒక బహుమతి, కొన్నిసార్లు నటుడి గొంతుకు శిక్ష కూడా. చిత్తూరు నాటకరంగం మీద పేరు తెచ్చుకొని ఆ ఊరి పేరునే తన పేరు ముందు నిలుపుకొన్న వి. నాగయ్య ఇటువంటి సభికుల ముందు ఎదిగినవాడే.

మదనపల్లె చరిత్రలో ఇంకొక రకమైన శ్రవణం 1919లో జరిగింది. బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు, 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడబడిన ‘జనగణమన’ను అక్కడి విద్యార్థుల ముందు పాడాడు. ప్రధానాచార్యుడు జేమ్స్ కజిన్స్ భార్య, ఐర్లండులో సంగీతంలో పట్టా పొందిన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి, అంటే పాటను మరొకరు చూచి పాడడానికి వీలుగా రాసిపెట్టే గుర్తుల వరుస, సిద్ధంచేసింది; 1919 ఫిబ్రవరి 28న కవి స్వయంగా దానికి ఆంగ్లానువాదం రాశాడు. ఈ సంగతిని సాధారణంగా దేశభక్తి ఘట్టంగా చెప్పుకొంటారు. శ్రోతల చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో గమనించవలసినది వేరు: భాష తెలియని విద్యార్థులు ఆ పాటను తమకు నచ్చినదిగా ఎంచుకొని కళాశాల నిత్యప్రార్థనగా నిలుపుకొన్నారు. రాజ్యాంగసభ ఆ పాటను జాతీయగీతంగా ప్రకటించింది 1950 జనవరి 24న. మదనపల్లె శ్రోతలు దానిని ఎంచుకొన్నది అంతకు 30 ఏళ్లకు పైగా ముందు.

గ్రామఫోను వచ్చాక తీర్పు చెప్పే విధానం మారింది. లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలు, మహా అయితే మరి కొన్ని సెకన్లు మాత్రమే పట్టేది. ఉక్కు ముల్లు త్వరగా అరిగి ప్లేటు గాడిని గీకుతుంది కనుక దానిని ఒకటి రెండు వాయింపులకే మార్చవలసి వచ్చేది. ఈ మూడు నిమిషాల హద్దు వల్ల సినిమాలో ఉన్న చరణం ప్లేటులో లేకపోవడం, సాగదీసిన ఆలాపన కుదించుకుపోవడం సాధారణమయ్యాయి. తెరమీది పాట మేలా, ప్లేటు మీది పాట మేలా అన్న వాదం అక్కడే పుట్టింది. ప్లేటును ఎన్నిసార్లయినా తిప్పవచ్చు కనుక ‘వన్స్‌మోర్’ అన్న కేకకు అవసరం తీరిపోయింది. దానితోపాటు ఆ కేకలోని సామూహిక అధికారమూ పోయింది.

అయితే గ్రామఫోను కొనగలిగిన ఇళ్లు కొద్ది. పల్లెల్లో ప్లేటును ఊరంతటికీ వినిపించినవాడు మైకుసెట్టు యజమాని. జాతరకో పెళ్లికో పిలిస్తే రికార్డుల పెట్టెతో, చెట్టుకొమ్మకు కట్టే హారన్లతో వచ్చి, తెల్లవారుజామున దేవుడి పాటతో మొదలుపెట్టి, పొద్దెక్కాక సినిమా పాటలలోకి దిగే ఆ మనిషే ఆ ప్రాంతపు అసలు అభిరుచి నిర్ణేత. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనూ కుప్పం తిరుపతి గంగమ్మ జాతరలోనూ చుట్టుపక్కల మూడు రాష్ట్రాల జనం చేరతారు కనుక, పెట్టెలో ఒకే భాష ప్లేట్లు పెట్టుకొని వచ్చినవాడికి అక్కడ మర్యాద దక్కదు. ఏ పాటకు ఏ గుంపు తల ఎత్తి చూస్తుందో వాడికి తెలుసు. పత్రికా విమర్శకులలో అందరికీ ఆ జ్ఞానం ఉందని చెప్పలేము.

రెండు భాషల మధ్య పోలికకు ఈ సీమ గాయకుడే ఒక మంచి ఉదాహరణ. చిత్తూరు జిల్లా రామచంద్రాపురంలో 1929లో పుట్టిన ఏ.ఎం. రాజా 1951లో ‘సంసారం’తో సినిమారంగంలో పాడడం మొదలుపెట్టాడు. 1955లో విజయా సంస్థ ‘మిస్సమ్మ’ను తెలుగులోనూ, ‘మిస్సియమ్మ’ పేరుతో తమిళంలోనూ ఒకేసారి నిర్మించింది. సంగీతం రెండింటికీ సాలూరు రాజేశ్వరరావుదే. తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావువి, తమిళ మాటలు తంజై రామయ్యదాసువి. తెలుగులో ఎన్.టి. రామారావుకూ తమిళంలో జెమినీ గణేశన్‌కూ నేపథ్యగానం రాజాదే. బాణీ ఒకటే, గొంతు ఒకటే, మాట మాత్రం వేరు. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో మిగిలిన అంశాలన్నింటినీ స్థిరంగా ఉంచి ఒక్కదాన్ని మార్చి చూచినట్టు, ఇక్కడి శ్రోతకు ఈ జంట చిత్రం మాట ప్రభావాన్ని విడిగా కొలుచుకొనే వీలు కల్పించింది. తరువాత 1959లో తమిళ ‘కల్యాణ పరిసు’కూ 1960లో దాని తెలుగు రూపం ‘పెళ్లికానుక’కూ రాజానే సంగీతం కూర్చాడు. ఈ రెండు జంటలనూ విన్నవారు ఈనాటికీ రాజా గొంతులోని మెత్తదనానికి ఏ భాష ఎక్కువ నప్పిందన్న విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు; రావలసిన అవసరమూ లేదు.

రేడియో ఈ పోలికను ఇంటింటికీ చేర్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, కడప కేంద్రం 1963లో ప్రసారాలు మొదలుపెట్టాయి. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటల మీద ఆంక్షలు పెట్టడంతో శ్రోతలు సిలోన్ వైపు తిరిగారు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొరను తాకి తిరిగి భూమికి చేరతాయి కనుక కొలంబో నుంచి వచ్చే ధ్వని మదనపల్లెకు చేరేది. ఆ పొర స్థిరంగా ఉండదు కనుక పాట అలలా పెరుగుతూ తరుగుతూ వినబడేది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు ఆ తరం వారికి సినిమా గాయనుల గొంతులంత పరిచితం. పోయిన శ్రోతలను తిరిగి రప్పించుకోవడానికే 1957లో వివిధభారతి పుట్టిందంటే, శ్రోతల అభిప్రాయానికి ప్రభుత్వం తలవంచిన అరుదైన సందర్భాలలో అది ఒకటి.

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమాలకు కార్డు రాయడం అప్పటి అభిప్రాయ ప్రకటన. పాటతోపాటు కోరినవారి పేర్లు, ఊరి పేరు చదివేవారు కనుక, ఒక పాటకు ఏ ఏ ఊళ్ల వారు ఓటు వేశారో అందరికీ తెలిసేది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం గుంటలో కూర్చొని పట్టుచీర నేసే కార్మికుడికి రేడియో పనికి అడ్డం కాలేదు. కాళ్లు పావుకోళ్ల మీద, చేతులు నాడె మీద ఉన్నా చెవులు ఖాళీగానే ఉంటాయి. రోజుకు ఎన్నో గంటలపాటు విన్న ఆ చెవికి పాటలోని రెండో చరణం సాధారణ శ్రోతకంటే బాగా తెలుసు. సంగీతం మీద ఓపికగల చర్చ ఆ వీధులలో నిలవడానికి చేమగ్గం ఒక కారణం. మరమగ్గం వచ్చిన చోట దాని చప్పుడులో రేడియో వినబడక ఆ చర్చ సన్నగిల్లడం సహజం.

క్యాసెట్టు కాలంలో శ్రోత మొదటిసారి సంపాదకుడయ్యాడు. 1980లలో ప్రతి చిన్న పట్టణంలోనూ వెలసిన రికార్డింగ్ సెంటరుకు వెళ్లి, కాగితం మీద తనకు కావలసిన పాటల వరుస రాసి ఇస్తే, దుకాణదారు వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. 60 నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు 30 నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు పట్టగా మిగిలిన రెండు మూడు నిమిషాలలో ఏమి పెట్టాలన్నది పెద్ద సమస్య. కొందరు దుకాణదారులు ఏదైనా చిత్రపు టైటిల్ సంగీతంతో పూడ్చేవారు; లెక్క తప్పినవారి క్యాసెట్టులో ఆఖరి పాట చరణం మధ్యలో తెగిపోయేది. ఒక వైపు తెలుగు, రెండోవైపు తమిళం రాయించుకోవడం కుప్పంలో వింత కాదు. ఈ వ్యాపారం 1957 నాటి కాపీరైట్ చట్టానికి విరుద్ధమన్నది నిజమే. ఎవరికి ఏ పాట తరువాత ఏ పాట వినాలనిపించిందో తెలిపే ఆధారాలు ఆ చిత్తుకాగితాలలోనే ఉండేవన్నదీ అంతే నిజం.

ఆ కాలపు చర్చలన్నింటికీ కేంద్రం సంగీత దర్శకుడు ఇళయరాజా. ఈ ప్రాంతపు శ్రోతలకు అతడు మూడు ద్వారాలలోంచి వచ్చాడు: తమిళ చిత్రాలు, నేరు తెలుగు చిత్రాలు, 1981 నాటి ‘గీత’, 1983 నాటి ‘పల్లవి అనుపల్లవి’ వంటి కన్నడ చిత్రాలు. అతడు తొలినాళ్లలో సహాయకుడిగా పనిచేసింది కన్నడ చిత్రరంగంలో పేరుపొందిన జి.కె. వెంకటేశ్ దగ్గర. కన్నడ కథానాయకుడు రాజ్‌కుమార్‌కు చిరకాలం గొంతునిచ్చిన పి.బి. శ్రీనివాస్ పుట్టింది కాకినాడలో. 1966లో తెలుగులో గొంతు విప్పిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వెంటనే, 1967లో, కన్నడంలో పాడాడు. కళాకారులకే లేని సరిహద్దు శ్రోతకు ఎందుకుండాలన్నది ఇక్కడివారి వాదం. 1978లో ‘మరో చరిత్ర’, 1980లో ‘శంకరాభరణం’ తెలుగులోనే మద్రాసులోనూ బెంగుళూరులోనూ ఆడడం ఆ వాదానికి బలం చేకూర్చింది.

డబ్బింగు పాట విషయంలో వీరి తీర్పు మరింత నిశితంగా ఉంటుంది. డబ్బింగు అంటే ఒక భాషలో చిత్రీకరించిన బొమ్మకు మరొక భాష మాటలు అతికించడం. కవికి అక్కడ బాణీ ముందే స్థిరపడి ఉంటుంది. దానికి తోడు తెరమీది పెదవుల కదలిక కూడా స్థిరపడి ఉంటుంది. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు, అంటే పెదవులు కలిస్తేగాని పలకని అక్షరాలు, తమిళంలో ఉన్నచోట తెలుగులోనూ దాదాపు అదేచోట పడాలి. అసలు చిక్కు పదాంతంలో ఉంది. తమిళ పదాలు తరచు హల్లుతో ముగుస్తాయి కనుక స్వరం అక్కడ ఠక్కున ఆగుతుంది; తెలుగు చాలావరకు అజంత భాష, అంటే పదం అచ్చుతో ముగిసే భాష, కనుక ఆగవలసిన చోట స్వరం ఇంకొంచెం సాగుతుంది. కన్నడమూ ఈ విషయంలో తెలుగుకు దగ్గర. అందుచేత కన్నడ బాణీ తెలుగులోకి సులువుగా ఒదుగుతుంది. తమిళ బాణీ ఒదిగితే మెత్తబడుతుంది, ఒదగకపోతే నలుగుతుంది. కుప్పం ప్రాంతంలో ‘బాణీ బాగుండాది, మాట కూర్చోలేదు’ అన్న చిన్న వాక్యంలో ఈ శాస్త్రమంతా ఇమిడి ఉంటుంది.

ఈ ఇరుకులో పనిచేసి మెప్పు పొందిన కవి రాజశ్రీ. 1988 నాటి ‘ఘర్షణ’కూ 1992 నాటి ‘రోజా’కూ తెలుగు పాటలు రాసినది ఆయనే. ‘రోజా’తో వచ్చిన ఏ.ఆర్. రెహమాన్ బాణీలలో తాళవాద్యాల పొరలు దట్టంగా ఉండడం వల్ల మాట ఏమాత్రం బరువైనా లయ కుంటుపడుతుంది; తేలిక తెలుగు పదాలతో ఆ ఇబ్బందిని దాటడం చిన్న పని కాదు. డబ్బింగు కవులను అనువాదకులుగా తీసిపారేసే అలవాటు కోస్తా పత్రికలలో చాలాకాలం ఉండింది. మూలాన్నీ తెలుగునూ రెండింటినీ విన్న సరిహద్దు శ్రోత ఆ తప్పు చేయలేదు. అదే సమయంలో, 1983 నాటి ‘సాగరసంగమం’ వంటి నేరు తెలుగు చిత్రాన్ని వైరముత్తు మాటలతో తమిళంలో ‘సలంగై ఒలి’గా విన్నప్పుడు, తన భాష పాటను పొరుగువాడు ఎలా సర్దుకొన్నాడో గమనించే అవకాశమూ అతనికే దక్కింది.

సినిమాకు వెలుపలి ఆల్బముల విషయంలో చర్చ మరో దారి పట్టింది. ఆల్బము అంటే ఇక్కడ ఒకే ఉద్దేశంతో, ఒక వరుసలో వినడానికి కూర్చిన పాటల సంపుటి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం ఈ సీమలో టీ అంగళ్లకు గడియారంలా పనిచేస్తుంది. దాన్ని గురించి ఎవరూ వాదించరు. అన్నమయ్య కీర్తనల విషయం అలా కాదు. తాళ్లపాకవారి రాగిరేకుల మీద పాట, దాని రాగం పేరు ఉన్నాయి గాని స్వరం లేదు. కాబట్టి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ దాకా కీర్తనలకు వరుసలు కట్టిన ప్రతి ఒక్కరి పనీ ఒక ఊహ, ఒక అభిప్రాయం. శ్రోతల వాదన ఆ అభిప్రాయాల మధ్య ఎంపిక అవుతుంది. 1997లో ‘అన్నమయ్య’ చిత్రం వచ్చాక దాని సంగీత దర్శకుడు కీరవాణి వరుసలే అసలువని నమ్మే తరమూ తయారైంది.

ఘంటసాల ‘భగవద్గీత’కు పట్టిన గతి వేరు. 1974 ఫిబ్రవరి 11న గాయకుడు కన్నుమూసిన తరువాత విడుదలైన ఆ రికార్డు, శ్లోకానికి తెలుగు తాత్పర్యం జోడించి, నడుమ వాద్యసంగీతం ఉంచి, ఒక గొంతు నిగ్రహాన్ని నిలువెల్లా చూపిన రచన. కాలక్రమాన అది చావు ఇంట, శవయాత్ర వాహనం మీద మోగే ధ్వనిగా స్థిరపడింది. ఇప్పుడు పొద్దున్నే ఒక ఇంట్లో దాన్ని పెడితే పక్కింటివారు కంగారుగా తొంగిచూస్తారు. ఒక గొప్ప ఆల్బమును సందర్భం ఇంతగా మింగివేసిన ఉదాహరణ తెలుగులో మరొకటి లేదు. ఇది శ్రోతలు కలిసికట్టుగా చేసిన అన్యాయమని చెప్పక తప్పదు. దానికి భిన్నంగా, త్యాగరాజుకూ యోహాన్ సెబాస్టియన్ బాక్‌కూ అంకితంగా ఇళయరాజా 1986లో వెలువరించిన ‘హౌ టు నేమ్ ఇట్?’ మాటలే లేని ఆల్బము కనుక మూడు భాషల శ్రోతలకూ సమానమైన ఆస్తి. కర్ణాటక రాగం మీద పాశ్చాత్య పద్ధతిలో పలు వాద్యస్వరాలు ఒకదాని మీద ఒకటి నడిచే ఆ కూర్పులో వి.ఎస్. నరసింహన్ వయొలిన్‌ను గురించి మాట్లాడేటప్పుడు, మాట కుదిరిందా లేదా అన్న పాత కొలత పనికిరాక, వీరు కొత్త మాటలు వెతుక్కోవలసి వచ్చింది.

నేటి చర్చ కుప్పం నుంచి బెంగుళూరుకు ఉద్యోగాలకు వెళ్లివచ్చే రైలుపెట్టెలలోనూ, మదనపల్లె టమోటా మార్కెట్టు నుంచి సరుకెత్తుకొని బయలుదేరే లారీల క్యాబిన్లలోనూ సాగుతున్నది. ఫోను చేతికి వచ్చాక పాట దొరకడం సమస్య కాదు. తమిళ మూలం, తెలుగు రూపం నిమిషం తేడాతో ఒకదాని వెనుక ఒకటి వినవచ్చు. పోలికకు ఇంత అనువైన కాలం మునుపు లేదు. అయితే పోల్చడానికి కావలసిన వివరం తగ్గిపోయింది. సినిమాహాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో ప్రతి పాటకూ కవి పేరు ఉండేది. క్యాసెట్టు అట్టమీదా చిన్న అక్షరాలలో ఉండేది. ఫోను తెర మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు మొదట కనిపిస్తాయి గాని, తెలుగు మాట రాసినవాడి పేరు, ముఖ్యంగా డబ్బింగు పాటలకు, తరచు కనబడదు. ‘ఈ మాట ఎవరిదబ్బా?’ అన్న ప్రశ్నకు ఒకప్పుడు మైకుసెట్టు యజమాని నోటికి సమాధానం చెప్పేవాడు. ఇప్పుడు అదే రైలుపెట్టెలో పాత పాటల పుస్తకాలు దాచుకొన్న పెద్దవారిని అడగవలసి వస్తున్నది.